“వద్దు” అను మాట విలువ

ప్రతి సంవత్సరమును మన పాఠశాల పత్రికకు వ్యాకరణమును గూర్చియో, చేతివ్రాతను గూర్చియో ఏదో యొకటి వ్రాయుట నాకు అలవాటు. ఈ పర్యాయము సంపాదకులు నా యొద్దకు వచ్చి, “మీరు వేసవి సెలవులలో ఆస్ట్రేలియా పోయి వచ్చితిరి గదా, అచ్చటి సముద్రపు అడుగునకు దిగితిరట గదా, ఆ సంగతి వ్రాయుడు” అని కోరిరి. ప్రయాణ వృత్తాంతములను రసవంతముగా వ్రాయు నేర్పు నాకు లేదు. అయినను ఆ యొక్క దినమున చూచిన దానివలన నా అభిప్రాయ మొకటి మారినది. ఆ మార్పు మన పాఠశాలకును, మన పిల్లల తలిదండ్రులకును సంబంధించినదే. కావున దానిని మీ యెదుట నుంచుట నా విధియని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

మారిన అభిప్రాయ మేదో ముందుగనే చెప్పెదను. గత సంవత్సరము మన తొమ్మిదవ తరగతి పిల్లలను సముద్రతీరమునకు విహారయాత్రగా తీసికొనిపోయినప్పుడు, వెంటనున్న యువ ఉపాధ్యాయు డొకరు, అలల పోటు ఎక్కువగా నున్నదని చెప్పి, ఎవ్వరిని మోకాలిలోతు దాటి పోనీయలేదు. పిల్లలు చిన్నబుచ్చుకొనిరి. కొందరు తలిదండ్రులు ప్రధానోపాధ్యాయుల యొద్దకు వచ్చి, “సొమ్ము చెల్లించి పంపితిమి, ఒడ్డున కూర్చుండి వచ్చుటకేనా?” అని నిష్ఠురము లాడిరి. ఉపాధ్యాయుల సమావేశములో నేనును ఆ తలిదండ్రుల పక్షముననే మాటలాడి, “అంత బిగి పనికిరాదు నాయనా” అని ఆ యువకుని అందరి యెదుట మందలించితిని. ఆ మాటను నేడు వెనుకకు తీసికొనుచున్నాను. ఏల తీసికొనుచున్నానో క్రింద చదువుడు.

మా అక్కగారి కుమారుడు బ్రిస్బేను నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. చిన్ననాడు కొన్ని యేండ్లు మా యింటనే పెరిగినవాడు. “నా సంపాదనతో ఒక్కసారి వచ్చి చూచి పో పిన్నీ” అని మూడేండ్లుగా పోరుచుండగా ఈ మే నెలలో పోయితిని. అతడు నన్ను ఉత్తరమున నున్న కెయిర్న్స్ అను రేవు పట్టణమునకు తీసికొనిపోయి, “రేపు నీవు సముద్రపు అడుగు చూచెదవు” అనెను. నేను నవ్వితిని. నలువది దాటిన దానను; నల్లబల్ల యెదుట నిలిచి పాఠము చెప్పుట తక్క వేరు సాహస మెరుగని దానను. ఈత మాత్రము కొంచెము వచ్చును. మా తండ్రిగారు పంటకాలువలో నేర్పిరి.

కెయిర్న్స్ పట్టణమునకు ఎదురుగా సముద్రములో నున్నది గ్రేట్ బారియర్ రీఫ్ అను పగడపు దిబ్బల వరుస. అది ఒక్క దిబ్బ కాదు. చిన్నవి పెద్దవి కలిపి సుమారు 3,000 దిబ్బలు తీరము వెంబడి 2,300 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నవి. 1975 లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ప్రత్యేకముగా చట్టము చేసి దానిని సముద్రోద్యానముగా ఏర్పరచెను. ఆ యుద్యానపు వైశాల్యము 3,44,400 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటిని కలిపినను అంత కాదు. 1981 లో అది ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చబడెను. ఆ తీరమున అనాదిగా నివసించుచు ఆ సముద్రమును తమదిగా నెంచుకొను ఆదివాసి సముదాయములు సుమారు డెబ్బది కలవు. ఇంత పెద్ద ఉద్యానమునకు గోడ లేదు, కంచె లేదు, ద్వారము లేదు. దానిని కాపాడునది ఇచ్చట ఇది చేయవచ్చును, ఇది చేయరాదు అను నియమము మాత్రమే.

పగడమనగా రాయి యని మనలో పెక్కురు తలచుదురు. అది రాయియు కాదు, చెట్టును కాదు. వేలకొలది చిన్న జీవులు ఒకదాని ప్రక్క నొకటి అంటుకొని, సున్నముతో తమకు ఇండ్లు కట్టుకొనుటవలన ఏర్పడిన ఊరు అది. ఆ జీవుల శరీరములలో కంటికి కనబడని నాచు వంటి మొక్కలు నివసించును. ఆ మొక్కలు సూర్యరశ్మితో ఆహారము చేసి తమకు చోటిచ్చిన జీవికి పెట్టును. పగడమునకు గల వన్నెయు చాల వరకు వానిదే. బండవలె గుండ్రముగా పెరుగు జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరో, అంతకు తక్కువో పెరుగును. మన పదవ తరగతి విద్యార్థి పుట్టిననాడు మొలచిన అట్టి పగడము నేడు అతని తలకంటె మిక్కిలి పెద్దదై యుండదు. దానిని తన్ని విరుచుటకు ఒక్క నిమేషము చాలును.

ఇక ఈ స్కూబా డైవింగ్ అను దానిని గూర్చి రెండు మాటలు. గాలిని బిగించి నింపిన సిలిండరును వీపున కట్టుకొని, నోటిలో పెట్టుకొనిన గొట్టముద్వారా ఊపిరి పీల్చుచు నీటిలో సంచరించుట అది. 1943 లో ఫ్రాన్సు దేశమున కూస్తో అను నావికాధికారియు, గాన్యాన్ అను ఇంజనీరును కలిసి, మునిగిన లోతునకు తగినట్లు గాలి నందించు సాధనమును కల్పించిరి. నాటినుండి, కఠినమైన శిక్షణ లేని సామాన్యులు సైతము గైడు వెంట కొంత లోతు దిగుటకు వీలైనది. కెయిర్న్స్ రేవునుండి ప్రతి ఉదయమును ఎనిమిది గంటల ప్రాంతమున పడవలు బయలుదేరి, గంటన్నర ప్రయాణము చేసి దిబ్బల యొద్దకు చేరి, సాయంకాలమునకు తిరిగి వచ్చును. అట్టి పడవ యొకదానిలో మేమును ఎక్కితిమి.

పడవ కదలగానే మా చేతికి ఒక్కొక్క కాగితము ఇచ్చిరి. మీకు ఉబ్బసము కలదా? మూర్ఛ కలదా? గుండెజబ్బు కలదా? చెవికి శస్త్రచికిత్స జరిగినదా? ఇట్లు ప్రశ్నల వరుస. ఔనని వ్రాసినవారు వైద్యుని పరీక్షయు అనుమతిపత్రమును లేక సిలిండరుతో దిగరాదు. మా అబ్బాయి గబగబ అన్నింటికి “లేదు” అని వ్రాసెను. ఉబ్బసమను చోట అతని కలము ఒక్క క్షణము ఆగుట చూచితిని. చిన్ననాడు అతనికి ఉబ్బసము ఉండెడిది. ఎన్ని రాత్రులు ఆ పిల్లవాని వీపు నిమురుచు తెల్లవారువరకు కూర్చుంటినో నాకు తెలియును. ఇప్పటికిని చలికాలమున మందు పీల్చుచునే యున్నాడు. నేను తల యెత్తి చూడగా అతడు మెల్లగా తెలుగులో, “ఎప్పటి మాటో అది పిన్నీ! ఔనని వ్రాసిన దిగనీయరు. సొమ్మంతయు వ్యర్థమగును” అనెను.

నేను ఊరకుంటిని. తరగతిలో ఒక పిల్లవాడు ప్రక్కవాని కాగితము తొంగిచూచిన సహింపని దానను. ఇరువదేండ్లుగా సత్యమును గూర్చి నీతిపాఠములు చెప్పుచున్న దానను. ఆ ఉదయమున నోరు మెదపలేదు. అతడు నాకొరకు ఎంత వ్యయపడెనో తెలిసియుండుటచేత, అతని సంతోషము చెడునని మొగమాటపడితిని. ఆ మొగమాటము ఎంత ప్రమాదకరమైనదో గంటలోపలనే తెలిసికొంటిని.

మా గుంపునకు గైడుగా నున్నది ఇరువది యైదేండ్లు మించని యొక యువతి. ఆమె కాగితములు తీసికొని వెంటనే పెట్టెలో వేయలేదు. మమ్ము చుట్టును కూర్చుండబెట్టి పాఠము చెప్పెను. మన తొమ్మిదవ తరగతిలో వాయువుల పీడనము చదివినవారు జాగ్రత్తగా వినుడు. 1662 లో బాయిల్ ప్రకటించిన సూత్రమే అది. నీటి ఉపరితలమున మనపై నుండు పీడనము పది మీటర్ల లోతున రెండింతలగును. ఆ లోతున పీల్చిన ఒక్క రొమ్మునిండు గాలి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో రెండు రొమ్ముల గాలి యగును. దానికి చోటెక్కడ? అందుచేత నీటిలో ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు. పీల్చుచు విడుచుచు మెల్లగా పైకి రావలెను. ఉబ్బసము గలవానికి రొమ్ములోని సన్నని గొట్టములు ఒక్కొకప్పుడు తమంతట తామే బిగుసుకొనును. అతడు ఊపిరి విడువవలెనని కోరినను లోపల చిక్కుకొనిన గాలి వెడలదు. పైకి వచ్చుకొలది అది వ్యాకోచించి ఊపిరితిత్తిని చీల్చవచ్చును. ఆ గాలి రక్తములో కలిసి ప్రాణమును తీయవచ్చును. ఇంత చెప్పి ఆమె ఒక్కొక్కరి కాగితమును చేత పట్టుకొని, వారి ముఖము చూచుచు, అవే ప్రశ్నలను నోటితో మరల అడిగెను.

మా అబ్బాయి వంతు వచ్చినది. అతడు నావైపు చూచెను. “చెప్పు నాయనా” అంటిని. నేను ముందుగనే చెప్పవలసిన మాట అది. అతడు తల వంచుకొని నిజము చెప్పెను. ఆమె కోపింపలేదు; నీతి బోధింపలేదు. “చెప్పినందుకు కృతజ్ఞురాలను, ఈనాడు మీరు సిలిండరుతో దిగుటకు వీలులేదు” అనెను. తన బాధ్యత తనదేయని సంతకము చేసి యిచ్చెదననియు, కావలసిన ఎక్కువ సొమ్ము నిచ్చెదననియు అతడు బ్రతిమాలెను. ఆమె తల అడ్డముగా ఊపెను. ఆ పడవపై నామె ఉద్యోగిని. మేము సొమ్ము చెల్లించి వచ్చినవారము. అయినను ఆమె “వద్దు” అను మాట తిరుగులేనిదై యుండెను. ఆ మాటను పడవ యజమాని గాని, సరంగు గాని మార్చలేదు. అతనికి నీటిపై తేలెడు కడ్డీ నొకదాని నిచ్చి, మరియొక మనిషిని తోడుచేసి, బోర్లపడి పైనుండియే దిబ్బను చూచునట్లు ఏర్పాటు చేసిరి.

దిబ్బ యొద్ద మా పడవ లంగరు వేయలేదు. లంగరు పడినచోట పగడము నుగ్గగును. అందుచేత ముందుగనే స్థిరముగా నాటియుంచిన బోయాలకు మాత్రమే త్రాడు కట్టుదురు. అక్కడ నన్నును, మరి ముగ్గురిని ఆమె దింపెను. మొదటిసారి దిగువారిని పండ్రెండు మీటర్లకు మించి తీసికొనిపోరు. మేము ఎనిమిది మీటర్లకు మించలేదని తరువాత తెలిసినది. చెవులు నొచ్చినప్పుడు ముక్కు పట్టుకొని మెల్లగా ఊదుమని నేర్పియుండెను. అట్లు చేయగా నొప్పి పోయెను. నా చేతి ఎర్రగాజులు అక్కడ గోధుమవన్నెకు తిరిగినవి. నీరు మొట్టమొదట మ్రింగివేయు రంగు ఎరుపు. చిలుకముక్కు వంటి నోరుగల పెద్ద చేపలు పగడమును కొరుకుచుండగా కటకటమను చప్పుడు వినబడెను. సముద్రపు అడుగు నిశ్శబ్దమని పుస్తకములలో చదివి పిల్లలకు చెప్పితిని. అది తప్పని అక్కడ తెలిసినది.

ఇంతలో మూడడుగుల ఆలుచిప్ప యొకటి నోరు తెరచి, ఊదారంగు పెదవులతో ఇసుకలో కూర్చుండియుండుట చూచి, సంతోషము పట్టజాలక, “బాగున్నది” అను భావముతో గైడువైపు బొటనవ్రేలు పైకెత్తి చూపితిని. ఆమె వెంటనే నా చేయి పట్టుకొని మెల్లమెల్లగా పైకి తీసికొనిపోయెను! నీటిలో బొటనవ్రేలు పైకెత్తుటకు “పైకి పోవుదము” అని యర్థము. బాగున్నదని చెప్పుటకు బొటనవ్రేలిని చూపుడువ్రేలితో కలిపి సున్నవలె చూపవలెను. ఈ సంగతి పడవపై రెండుసార్లు చెప్పియుండిరి. నేను విన్నాననుకొంటిని గాని వినలేదు. పాఠము వినని విద్యార్థికి కలుగు ఫలమే నాకును కలిగెను. మరల దిగుటకు పది నిమిషములు పట్టెను. అప్పుడు మాలో నొక పెద్దమనిషి ఆ ఆలుచిప్పను తాకుటకు చేయి చాపగా, ఆమె అతని మణికట్టు పట్టుకొని వెనుకకు లాగెను. నీటిలో మాట లేదు. చేయి పట్టుకొనుటయే “వద్దు”.

పడవపైకి వచ్చిన పిదప హాజరు పట్టీ తీసిరి. పేరు పిలిచి, మనిషిని కంటితో చూచి, మా చేతనే సంతకము చేయించిరి. పిదప వేరొకరు వచ్చి తలలు లెక్కించిరి. మధ్యాహ్నము మరియొక దిబ్బకు పోవుటకు ముందును, తిరుగు ప్రయాణమునకు ముందును ఇట్లే జరిగెను. మూడవసారి పిలిచినప్పుడు నా ప్రక్కనున్న యాత్రికుడు, “మేమేమి బడిపిల్లలమా?” అని విసుగుకొనెను. నేను మాత్రము మురిసిపోతిని. ఏలయన హాజరు పిలుచుట ఎంత ముఖ్యమైన పనియో ఆ సముద్రముననే లోకమునకు తెలిసినది. 1998 జనవరి 25 న అమెరికా దేశపు దంపతులు ఇద్దరు ఇట్టి ఒకదినపు యాత్రకే పోయి, దిబ్బయొద్ద నీటిలో నుండగా, లెక్క తప్పి పడవ వారిని విడిచి వచ్చెను. వారు రాలేదను సంగతి రెండు దినముల వరకు ఎవ్వరికిని తెలియలేదు. ఎంత వెదకినను ఆ దంపతులు మరల కనబడలేదు. ఆ పిదప క్వీన్స్‌లాండు రాష్ట్రమున తలల లెక్కను గూర్చిన నియమములను కఠినము చేసిరి. ప్రతిదినము మొదటి గంటలో నేను పిలుచు నలువది పేర్లలో ప్రతి “హాజరండి” వెనుక ఒక ప్రాణము కలదని ఆనాడు తోచినంతగా మునుపెన్నడును తోచలేదు.

మరియొక “వద్దు” మిగిలియుండెను. ఆ రాత్రియే బ్రిస్బేనుకు విమానమెక్కవలెనని మా అబ్బాయి అనుకొనుచుండగా గైడు విని వారించెను. లోతున పీల్చిన గాలిలోని నత్రజని శరీరములో కరిగియుండును. ఎత్తునకు పోయినచో అది బుడగలై కీళ్లను, నరములను బాధించును. ఒక్కసారి మునిగినవారు కనీసము 12 గంటలు, పలుమార్లు మునిగినవారు 18 గంటలు విమానము ఎక్కకుండుట మేలు. మేము ఆ రాత్రి కెయిర్న్స్ లోనే నిలిచిపోతిమి. రాత్రి భోజనమువేళ మా అబ్బాయి, “నిజము చెప్పినందుకు సిగ్గుగా నుండునని యనుకొంటిని పిన్నీ, ఇప్పుడు తేలికగా నున్నది” అనెను. నాకు మాత్రము సిగ్గుగానే యుండెను; ఆ నిజము చెప్పించినది నేను కాదు, పరదేశపు పిల్ల.

నా అభిప్రాయము ఇది. ఇట్టి యాత్ర మంచిదో చెడ్డదో తేల్చుటకు అది ఏమేమి చూపునని మాత్రమే అడుగుట చాలదు. ఏమేమి వలదనునని అడుగవలెను. సొమ్ము పడవలో చోటును కొనిపెట్టును గాని, సముద్రముపై హక్కును కొనిపెట్టదు. “వద్దు” అనలేని గైడు, ఎంత తెలిసినవాడైనను, యాత్రికుల చేతిలో గొడుగు పట్టుకొను సేవకుడే. అతని వెంట పోవువారికిని క్షేమము లేదు, పోయి చూడబడు జీవులకును క్షేమము లేదు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఇన్ని నియమములున్నచో ఆనందమెక్కడ అని కొందరందురు. నేను పొందిన ఆనందము ఆ నియమముల లోపలనే పొందితిని. భయము లేకుండ చూచుటకు వీలైనది ఎవరో నాకొరకు భయపడియుండుటచేతనే గదా! మొదటిసారి నన్ను పైకి తెచ్చినది నియమము కాదు. నియమమును నేను మరచుట.

ఇది ధనవంతుల వినోదమని మరికొందరందురు. చాల వరకు నిజమే; మా అబ్బాయి పిలువనిచో నావంటి ఉపాధ్యాయినికి అది కలలోని మాట. అయినను 1967 లో జరిగిన యొక సంగతి చెప్పెదను. ఆ పగడపు వరుసలోని ఎల్లిసన్ రీఫ్ అను దిబ్బను త్రవ్వి, దాని సున్నమును చెరకు పొలములకు ఎరువుగా వాడుకొనుటకు అనుమతి కావలెనని దరఖాస్తు పెట్టబడెను. అది చచ్చిన దిబ్బ యనియు, త్రవ్వినను నష్టము లేదనియు వాదము. అప్పుడు జాన్ బ్యుస్ట్ అను చిత్రకారుడు, జూడిత్ రైట్ అను కవయిత్రి, లెన్ వెబ్ అను వృక్షశాస్త్రవేత్త మున్నగువారు దాని నెదిరించిరి. నీటిలో మునుగనేర్చిన విద్యార్థులు ఆ దిబ్బ యొద్దకు పోయి, దిగి చూచి, అక్కడ బ్రతికియున్న పగడములను, చేపలను లెక్కించి వచ్చి సాక్ష్యము పలికిరి. దరఖాస్తు త్రోసివేయబడెను. ఆ పోరాటమునుండియే ఎనిమిదేండ్లకు ఉద్యానపు చట్టము పుట్టెను. ఒడ్డున నిలిచి చూచినవారికి ఆ దిబ్బ చచ్చినదిగనే కనబడియుండును. కావున మునిగి చూచుట కేవలము వినోదము కాదు. చూచినవారు సాక్షులు కాగలరు. 2004 లో ఆ యుద్యానమున సుమారు మూడవవంతు భాగములో చేపలు పట్టుట పూర్తిగా నిషేధింపబడెను. 1993 నుండి ప్రతి యాత్రికుని యొద్దను వసూలు చేయు చిన్న రుసుము ఉద్యాన రక్షణకే వినియోగమగుచున్నది.

మూడవ ఆక్షేపణ అన్నింటికంటె బలమైనది. దానిని దాటవేయుట న్యాయము కాదు. పగడమునకు నేడు ముఖ్యశత్రువు యాత్రికుని చేయి కాదు, సముద్రపు వేడిమి. నీరు మామూలుకంటె ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారములు నిలిచినను, పగడము తనలోని మొక్కలను వెడలగొట్టి ఎముకవలె తెల్లబడును. వేడిమి త్వరగా తగ్గినచో కోలుకొనును, లేనిచో చచ్చును. ఆ మహాదిబ్బలు 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరములలో విస్తారముగా తెల్లబడినవి. మొదట నాలుగేండ్లకును, పదునాలుగేండ్లకును వచ్చిన తెగులు ఇప్పుడు రెండేండ్లకొకసారి వచ్చుచున్నది. ఆ వేడిమికి కారణమైన బొగ్గును, నూనెను కాల్చుచునే గదా విమానములును, పడవలును నడచుట? నేనును విమానమెక్కియే పోయితిని. పగడమును తాకవద్దని నా చేయి పట్టుకొని ఆపిన గైడు, విమానమెక్కవద్దని నన్ను ఆపజాలదు. ఆ “వద్దు” మనకు మనమే చెప్పుకొనవలసినది. దీనికి పూర్తి సమాధానము నా యొద్ద లేదు. అట్టి యాత్ర ఏటేట పోవలసినది కాదనియు, జీవితమున ఒక్కసారి పోయినవారు తాము చూచినదానిని పదిమందికి చెప్పి ఋణము తీర్చుకొనవలెననియు మాత్రము చెప్పగలను. ఈ వ్యాసము ఆ ఋణములో ఒక భాగము.

మన పిల్లలు అంత దూరము పోనక్కరలేదు. మన దేశముననే, అండమాను దీవులలో వండూరు వద్ద, 1983 లో మహాత్మా గాంధీ సముద్ర జాతీయోద్యానము ఏర్పడినది. ఆ దీవులలో మన తెలుగువారు, ముఖ్యముగా ఉత్తర కోస్తానుండి పోయిన మత్స్యకారుల కుటుంబములు, ఎందరో కలరు. ఆ ఉద్యానములోని దీవులకు ప్లాస్టిక్ వస్తువులు తీసికొనిపోయి పారవేయుటకు వీలులేదు. యాత్రికులకు తెరచు దీవులు రెంటిని ఋతువును బట్టి మార్చి మార్చి తెరచి, రెండవదానికి విశ్రాంతి నిత్తురు. పొలమునకు బీడు విడుచుట తెలిసిన మన రైతుబిడ్డలకు ఈ నియమపు మర్మము వేరుగా చెప్పనక్కరలేదు. ఎప్పుడైన మన విద్యార్థులు అక్కడకు పోగలిగిన నేను సంతోషింతును. గాజు అడుగుగల పడవనుండి చూచినను చాలును.

అక్కడకే పోనీ, మన కొల్లేటికే పోనీ, సముద్రపు టొడ్డునకే పోనీ, వెంట వచ్చు ఉపాధ్యాయుని “వద్దు” అను మాటను నిలువనిండు. తలిదండ్రులారా, మీ పిల్లలకు ఏ జబ్బున్నను అనుమతి కాగితముపై దాచక వ్రాయుడు. యాత్ర తప్పునను భయముతో దాచినచో మీరు పిల్లవానిని కాపాడువారి కన్నులకు గంతలు కట్టుచున్నారు. నేనును కట్టితిని, ఆ యువతి విప్పెను. విద్యార్థులారా, హాజరు పిలుచునప్పుడు మీ స్నేహితుని బదులు మీరు పలుకకుడు. ఆ చిన్న అబద్ధము సముద్రమున ఇద్దరి ప్రాణములంత విలువ గలది.

ఇక నాతోటి యువ ఉపాధ్యాయుని గూర్చి. అతడు ఈ పత్రికను తప్పక చదువును. సభలో అందరి యెదుట అన్న మాటను చాటున ఉపసంహరించుకొనుట ధర్మము కాదు గనుక అందరు చదువు ఈ పుటలలోనే చెప్పుచున్నాను. నాయనా, ఆనాడు అలలు ఎంత ఎత్తున లేచినవో నేను చూడలేదు, నీవు చూచితివి. నలువదిమందిని తీసికొనిపోయి నలువదిమందిని తిరిగి తెచ్చితివి. నేను నిన్ను మందలించుట తప్పు. రాబోవు జనవరిలో పిల్లలను మరల తీరమునకు తీసికొనిపోవలెనని అనుకొనుచున్నారట. నీవు నాయకుడవుగా నుండుటకు ఒప్పుకొన్నచో, హాజరు పట్టీ పట్టుకొని నీ వెనుక నడచుటకు నేను సిద్ధముగా నున్నాను.